పిడికెడు బియ్యము



జగిత్యాల ప్రాంతమునుండి ఒక సోదరి మాకొక జాబు వ్రాసిరి. ప్రతి ఆదివారము సాయంకాలము ఆమె తమ యింటి అరుగుమీద బీడీలు చుట్టు తల్లుల పిల్లలను చేర్చుకొని, అక్షరములు దిద్దించి, ఒక పాట పాడించి, సువార్తలోని కథ యొకటి చెప్పి, గుప్పెడు పేలాలు పెట్టి పంపుచుందురట. నాలుగేండ్ల క్రిందట పదునొకండుగురు పిల్లలతో ఆరంభమైన ఆ చిన్నబడి నేడు ఏడుగురికి దిగినది. వెళ్లిపోయిన నలుగురిలో ఇద్దరి తలిదండ్రులు మగ్గముల పనికై భీవండికి తరలిపోయిరి. తక్కిన యిద్దరును ఊరకయే మానివేసిరి. "కొంచెము చేసినను దేవుడు దానిని హెచ్చించునని మీవంటివారు చెప్పుచుందురు. నా విషయమున ఆయన తగ్గించుచున్నాడు కాబోలు. ఇక మానివేయవచ్చునా?" అని ఆమె అడుగుచున్నారు.

ఈ ప్రశ్న ఆమె యొక్కరిదే కాదు. కరీంనగరము మొదలుకొని ఆదిలాబాదు అడవుల అంచువరకు, ఇల్లు వాకిలి చక్కబెట్టుకొని, అత్తమామలకు అన్నము పెట్టి, మిగిలిన గడియసేపులో ప్రభువు పేర ఏదో యొక పని చేయు స్త్రీలు ఎందరో కలరు. ఒకరు ఆస్పత్రిలో దిక్కులేని రోగికి గటక కాచి తీసికొనిపోవుదురు. ఒకరు విధవరాలికి కుట్టుపని నేర్పుదురు. వీరందరును ఏదో యొకనాడు, గిన్నెలు తోముచునో దీపమార్పుచునో, వ్రేళ్లు మడిచి లెక్కపెట్టుకొందురు. ఇన్నేండ్లకు ఏమి మిగిలినది? లెక్క చూచుకొనుట తప్పని మేమనము. లెక్క తెలియని యిల్లాలి చేతిలో సంసారము నిలువదు. అయితే ఏ పద్దు మనది, ఏ పద్దు మనది కాదు అన్న సంగతి తెలిసికొని మరి లెక్క వేయవలెను.

అయిదు రొట్టెల వృత్తాంతము నాలుగు సువార్తలలోను కలదు. కాని అవి యవల రొట్టెలనియు, ఒక చిన్నవానియొద్ద నుండెననియు చెప్పినవాడు యోహాను ఒక్కడే. యవలు ఆ దేశమున బీదల ధాన్యము. మన ప్రాంతములో జొన్నరొట్టె యనుకొనుడు. జనమును చూచి ఫిలిప్పు వెంటనే లెక్క కట్టెను. రెండువందల దేనారముల రొట్టెలు తెచ్చినను తలకొక ముక్క రాదనెను. దేనారమనగా ఒక కూలివాని దినకూలి. రెండువందల దేనారములు ఇంచుమించు ఒక యేటి కష్టము. ఫిలిప్పు లెక్కలో తప్పేమియు లేదు. అంద్రెయ కూడ ఆ బాలుని చూపుచునే, ఇంతమందికి ఇవి యేపాటివని నసిగెను.

అయితే ఆ రొట్టెలు కాల్చినదెవరు? సువార్త చెప్పలేదు. పసివాడు తానే కాల్చుకొని రాడు గదా! ఉదయమున ఏ తల్లియో, అక్కయో, నాయనమ్మయో పిండి పిసికి, పొయ్యి రాజేసి, కాల్చి, రెండు చేపలతో మూటకట్టి పంపియుండును. ఆమె తలంపులో అయిదువేలమంది లేరు. ఒక్క పిల్లవాని మధ్యాహ్నపు ఆకలి మాత్రమే యుండెను. ఆ యొక్క ఆకలికి సరిపోవునట్లు ఆమె తన పని చక్కగా చేసెను. ఆ తరువాత జరిగినది ఆమె చేతిలోని పని కాదు.

మరియొక సంగతి మేము తరచుగా తలంచుకొందుము. అయిదు రొట్టెలు మొదట కొండయంత కుప్పయై, తరువాత పంచబడెనని ఎవ్వరును వ్రాయలేదు. మత్తయి, మార్కు, లూకా వ్రాసిన ప్రకారము, ప్రభువు విరిచి శిష్యులకిచ్చెను, శిష్యులు జనమునకిచ్చిరి. చేతిలోనుండి చేతికి పోవుచుండగా అవి చాలినవి. ఎవడైన ఒకడు తన వంతు ముక్కను పట్టుకొని, ఇది రెండగువరకు కనిపెట్టెదనని నిలిచియున్నయెడల ఏమగునో!

ఇట్టిది మన గడ్డమీద జరిగిన వైనమొకటి చెప్పెదము. కరీంనగరమునకు పొరుగున నిజామాబాదు జిల్లాలో డిచ్‌పల్లి కలదు. వెస్లియను మిషనువారు 1880 దశకములోనే కరీంనగరమున పని ఆరంభించి, క్రమముగా ఈ ప్రాంతమంతట బడులను, వైద్యశాలలను నెలకొల్పిరి. ఆ మిషను పనికై 1907లో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు దేశపు వైద్యురాలు, భర్తయగు జార్జి కెర్ గారితో హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. ఆమె 1875లో జన్మించి, అబర్డీనులో వైద్యము చదివినవారు. నిజామాబాదులో ఉండగా ఆమె గుమ్మమునకు కుష్ఠురోగులు రాసాగిరి.

ఆ కాలమున కుష్ఠు అనగా ఏమో మన అమ్మమ్మలను అడిగినయెడల చెప్పుదురు. రోగము సోకిన స్త్రీని వంటయింటికి రానీయకుండిరి. చంటిబిడ్డను ఒడిలోనుండి తీసికొనిరి. ఊరిబయట చెట్టుక్రింద కుండయు చింకిచాపయు ఇచ్చి విడిచిరి. ఆమెను ముట్టుకొనువారు లేరు. వైద్యులవద్దనైనను చెప్పుకొనదగిన మందు లేదు. ఇసబెల్ గారు మొదట చేయగలిగినదెల్ల పుండు కడుగుట, కట్టు కట్టుట, అన్నము పెట్టుట, మనుష్యుని మనుష్యునిగా చూచి మాటలాడుట. వైద్యశాస్త్రము చదివి సముద్రము దాటి వచ్చినది ఇందులకా యని ఆమెకు ఏనాడైన తోచెనేమో మేమెరుగము. తోచినయెడల ఆశ్చర్యము లేదు.

రోగులు పెరిగిరి, చోటు చాలలేదు. 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకై ప్రత్యేకముగా ఆస్పత్రి వెలసినది. కుష్ఠురోగుల మిషను తోడ్పడెను. రాజా నర్సాగౌడ్ అను హైందవ ధనికుడు ఉదారముగా ధనమిచ్చిరి. ఈ సంగతిని మేము గట్టిగా చెప్పదలచితిమి. దేవుడు ఒక సేవను హెచ్చించునపుడు ఆ సేవకుని కులమునుండియో సంఘమునుండియో మాత్రమే చేతులను పిలుచునని ఎక్కడను లేదు. హైందవుని ధనము, విలాతీ స్త్రీ విద్య, నైజాము రాజ్యపు నేల, తెలుగు పల్లెల రోగులు, ఇవన్నియు కలిసినగాని డిచ్‌పల్లి ఏర్పడలేదు. మా సంఘము, మీ సంఘమని గిరిగీసుకొని కూర్చుండు కమిటీలవారు దీనిని కొంచెము ఆలోచింపవలెను.

1920 తరువాత చాల్‌ముగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించు చికిత్స ప్రబలినది. డిచ్‌పల్లిలోను దానిని విరివిగా వాడిరి. ఆ సూది మిక్కిలి బాధ పెట్టునది. వారము వారము, నెలలకొలది, ఏండ్లకొలది పొడిపించుకొనవలెను. కొందరికి మేలు చేసెను, అందరికి చేయలేదు. అయినను రోగులు ఎంతో దూరమునుండి వచ్చిరి. ఊరు వెలివేసినవారికి అది మరియొక ఊరైనది. 1923లో ఆంగ్ల ప్రభుత్వము ఇసబెల్ గారికి కైసర్-ఎ-హింద్ పతకమిచ్చి గౌరవించెను. 1932 జనవరిలో ఆమె కాలధర్మము నొందిరి.

ఆమె కన్నుమూయునాటికి కుష్ఠును నిశ్చయముగా నయము చేయగల మందు లోకములో ఎక్కడను లేదు. ఆమె పద్దు పుస్తకము అచ్చటనే మూయబడినది. ఇరువదియైదేండ్ల కష్టము, ఒక ఆస్పత్రి, ఎన్నియో కట్లు, ఎన్నియో సూదులు, చాల మరణములు.

కాని కథ అచ్చటితో ఆగలేదు. అదే డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యము చేసి అనుభవము గడించిన డాక్టరు జాన్ లో గారు తరువాత కలకత్తాకు పోయి పరిశోధన చేసి, అచ్చటినుండి ఆఫ్రికాలోని నైజీరియా దేశమునకు పోయిరి. ఆ దేశమున ఉజుకోలి అను ఊరి కుష్ఠు ఆస్పత్రిలో, 1940 దశకము చివర, డాప్సోను అను మందును బిళ్లగా మ్రింగించి నయము చేయు పద్ధతిని ఆయన నిలబెట్టిరి. సూది అక్కరలేదు, వెల మిక్కిలి తక్కువ, పల్లెలో చెట్టుక్రింద కూర్చుండి పంచవచ్చును. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు రెండు మూడు మందులను కలిపియిచ్చు చికిత్సను నిర్ణయించినపుడు ఆ డాప్సోను అందులో ఒకటైనది. 2005 చివరకు మన దేశమున పదివేలమందికి ఒక్క రోగికన్న తక్కువయను మట్టమునకు ఈ వ్యాధి దిగినది.

ఇదంతయు ఇసబెల్ గారు కట్టిన కట్టునుండియే పుట్టినదని మేము చెప్పము. అట్లు చెప్పుట అసత్యమగును. ఎందరో పండితులు, ఎన్నో దేశముల వైద్యులు, పేరులేని నర్సులు, ఆ బాధ నోర్చిన రోగులు ఇందులో పాలివారు. కాని పొరుగుజిల్లాలో ఒక చెట్టునీడను మొదలైన ఊడిగపు నూలుపోగు ఆఫ్రికావరకు పోయి, అచ్చటి వస్త్రములో కలిసిపోయినదనుట మాత్రము సత్యము. అది ఏ వస్త్రమగునో ఆ పోగు వడికిన ఆమెకు తెలియదు. పని ముగిసినదనియు ఎవరును భ్రమపడకుందురు గాక: నేటికిని లోకమంతట ఏటేట కనుగొనబడు క్రొత్త కుష్ఠురోగులలో సగమునకు పైగా మన దేశమువారే. చర్మముమీద పాలిపోయి స్పర్శ తెలియని మచ్చ కనబడినయెడల సిగ్గుపడి దాచవలదు. సర్కారు ఆస్పత్రులలో మందు ఉచితముగా ఇత్తురు.

ఇక ఇంతకన్న మన వంటయింటికి దగ్గరి మాట. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు, పరదేశ ధనము కోరక, తమ సొంత కానుకలతో ఒక మిషను సంఘమును స్థాపించిరి. వారు పనికెంచుకొన్నది మన డోర్నకల్లు ప్రాంతము. ఆ సంఘమును స్థాపించినవారిలో ముఖ్యులైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో తామే యిచ్చటికి వచ్చి, ముప్పదియైదేండ్ల యీడున తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషపుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున బిషపు పదవి నొందిన మొదటి భారతీయుడు ఆయనయే. ఆయన మందలో పెక్కుమంది మాల మాదిగ పల్లెలలోని కూలిజనము. వీరు పేదలు, వీరినేమి అడుగుదుమని ఆయన అనుకొనలేదు. ఇచ్చుటయను గౌరవము బీదవానికి లేకుండ చేయుటకు మనమెవరమని ఆయన భావము. క్రైస్తవ దానమును గూర్చి ఒక పుస్తకమే వ్రాసిరి. బాప్తిస్మము పొందువారు తమ తలపై తామే చేయి పెట్టుకొని, సువార్త చెప్పనియెడల నాకు శ్రమయని పలుకవలెనని నియమము పెట్టిరి. చదువురాని కూలి స్త్రీ కూడ ఆ మాట పలికి, తన పొలములో, తన బావివద్ద ఆ పని చేసెను. ఆయన బిషపైన సంవత్సరమున ఆ డయోసీసులో సుమారు 56 వేలున్న క్రైస్తవులు 1941 నాటికి సుమారు 2 లక్షల 25 వేలైరి. దొరల ప్రసంగములవలన ఇంత జరుగునా? బావిగట్టువద్ద చెప్పుకొన్న మాటలవలన జరిగినదని మా నమ్మకము.

మన తెలుగు సంఘములలో పిడికెడు బియ్యము తీయు అలవాటు మీకందరికి తెలిసినదే. ఎసటిలో పోయుటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు వేరు కుండలో వేయుదురు. చేతిలో కాసు లేని యిల్లాలికి కూడ ఇది సాధ్యము. భర్తను అడుగనక్కరలేదు, పెట్టె తెరువనక్కరలేదు. ఈశాన్యదిక్కున మిజోరాం కొండలలోని సంఘపు స్త్రీలు 1910 నుండి ఇట్లే పూటపూట పిడికెడు తీయుచు వచ్చిరి. నేడు ఆ బియ్యపు విలువ ఏటికి కోట్ల రూపాయలు. పాదిరుల జీతములకును, మిషను పనులకును అది ఆధారమైనది. ఏ ఒక్క పిడికిలి పెద్దది కాలేదు, పిడికిళ్లు పెరిగినవి.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ కాలమున టెలివిజనులోను సెల్‌ఫోనులోను కొందరు బోధకులు బయలుదేరి, నూరు పంపుడు, దేవుడు మీకు పదివేలు చేసి యిచ్చునని చెప్పుచున్నారు. పసుపుకొమ్ములు అమ్మిన డబ్బు, గల్ఫునుండి మగడు పంపిన డబ్బు ఇట్లు పోగొట్టుకొని, అప్పుల పాలైన గృహములు లేకపోలేదు. ఇది విశ్వాసము కాదు, వడ్డీవ్యాపారము. రొట్టెల కథలో హెచ్చినది ఎవరి యాకలి తీర్చుటకు? ఆ బాలుని మూటలోనికి వేయి రొట్టెలు తిరిగి వచ్చెనని సువార్త చెప్పలేదు. ఇచ్చినవాని పెట్టె నిండునని ఆశపెట్టి అడుగు చేతిలో ఒక్క కాసైనను పెట్టవలదని మా సలహా. అంతేకాక, నిజమైన హెచ్చింపు జరిగినచోట లెక్క కూడ జరిగినది: మిగిలిన ముక్కలను పోగుచేయించి, పండ్రెండు గంపలని లెక్కించిరి. దేవుని నమ్మితిమి గనుక చిట్టా అక్కరలేదను సంఘపు పెద్దలను స్త్రీలు నిర్భయముగా అడుగవలెను.

జగిత్యాల సోదరిగారికి మేము వ్రాయునది యిది. అమ్మా, నీవు అలసిపోయినయెడల, ఇంటిలో రోగులున్నయెడల, కొన్నాళ్లు మానుము. అందులో దోషము లేదు. కాని పదునొకటి ఏడైనదను కారణముచేత మాత్రము మానవలదు. ఆ నాలుగింటిని తీసివేతలో వ్రాసితివి. భీవండికి పోయిన యిద్దరు పిల్లలు ఆ మగ్గముల చప్పుడు నడుమ నీవు నేర్పిన పాట పాడుచున్నారో లేదో నీకు తెలియునా? నీవు దిద్దించిన అక్షరములతో తల్లికి జాబు చదివిపెట్టుచున్నారేమో! అట్లని మేము నిశ్చయముగా చెప్పజాలము. వారు మరచిపోయియు ఉండవచ్చును. ఆ పద్దు నీది కాదు. నీ పద్దు ఏడుగురు పిల్లలు, ఒక గంట, ఒక కథ. కథ బాగుగా చెప్పుచున్నావా, పలకలు చాలినన్ని కలవా, వెనుకబడిన పిల్లను దగ్గరకు తీసికొనుచున్నావా, ఇదియే నీవు చూచుకొనవలసినది. ఊరకయే మానివేసిన యిద్దరి యిండ్లకు ఒకసారి పోయి కారణమడుగుము. దేవునిమీద భారము వేయుటకు ముందు నాలుగడుగులు నడుచుట మన వంతు. మరియొక మాట. పిల్లలను పంపు తల్లులలో పలువురు హైందవులు, ముసల్మానులు ఉందురు. నీవు చెప్పు కథ ఎవరిదో, ఏ గ్రంథములోనిదో వారికి ముందే తెలిపి, సమ్మతి పొంది చెప్పుము. చాటున విత్తిన విత్తనమునకు ఇరుగుపొరుగు నమ్మకము నీరు పోయదు. నీ వీథిలోనే చదువుకొన్న కోడలు ఎవతెయైన ఉన్నయెడల పిలిచి అక్షరముల పని ఆమెకప్పగింపుము. ఒక రొట్టెను ఇద్దరు పంచినపుడే సగము అలసట తీరును.

పిడికెడు బియ్యమును క్రొత్తగా ఆరంభింపదలచిన స్త్రీ సమాజములకు కొన్ని సంగతులు చెప్పి విరమించెదము. మంచిర్యాల, నిర్మల ప్రాంతములనుండి దీనిని గూర్చి మమ్ము అడిగినవారు కలరు. ఇంటికి పూటకు ఏబది గ్రాముల చొప్పున రెండుపూటల తీసినను నెలకు మూడు కిలోలగును. ఇరువది యిండ్లు చేరిన అరువది కిలోలు. మక్కలు, జొన్నలు తినువారు వానినే తీయవచ్చును. బియ్యమే కావలెనని పట్టుపట్టరాదు. అది యెవరికి పోవునో ముందే నిర్ణయించుకొనుడు: ఆస్పత్రిలో రోగులకు తోడు వచ్చినవారికో, ఒంటరి ముసలమ్మకో, బడిపిల్లల పేలాలకో. తూచునపుడు ఇద్దరు స్త్రీలుండి, ఒకరు చదువగా మరొకరు పుస్తకములో వ్రాసికొని, ఇద్దరును సంతకము చేయుడు. నెలకు మించి నిలువ ఉంచవలదు, పురుగు పట్టును. కుండ అడుగున వేపాకు వేయుడు. ఆకు బాగుగా ఎండినదై యుండవలెను, పచ్చిదైన బియ్యము ముక్కిపోవును.